మడ్‌గార్డు మీది కడియం

ఇందుకూరుపేటలో రెడ్డిగారి గడ్డికొట్టం నుంచి ఆ కారు బయటికి వచ్చిననాడు దాన్ని లాగినవి ఒక జత ఎద్దులు. ముందు చక్రాలలో గాలి లేదు. వెనక చక్రాలకు అసలు టైర్లే లేవు. టాపు గుడ్డ చీకిపోయి ఇనుప పక్కటెముకలు తేలాయి. ఎడమ మడ్‌గార్డు నుంచి కుళ్ళిన పలుపుతాడు ఒకటి నేలమీద ఈడ్చుకుంటూ వస్తున్నది. ఎద్దుల పక్కన నడుస్తున్న మీరా మొహిద్దీన్‌ను చూసి టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళు నవ్వారు.

"ఏంది మీరా, ఎద్దులకు కారు కొనిచ్చినావా?"

"అవును మామా. నడిచి నడిచి కాళ్ళు నొప్పులంటా ఉండాయి" అన్నాడు మీరా.

నవ్వుతూ అన్నాడే గాని కారు మీదనుంచి చూపు తిప్పలేదు. ఆ కారు అతనికి కొత్తది కాదు. అతని తండ్రి సైదావలి వయసులో ఉన్నంతకాలం తోలింది ఆ కారునే. కాగితాల మీద అది పెద్దరెడ్డిగారిది. ఊరి నోట మాత్రం సైదావలి కారు. కంపెనీ పేరున్న బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది కనుక ఇంకో పేరుతో పిలవవలసిన అవసరం ఎవరికీ రాలేదు. పెద్దరెడ్డి పోయాక అది గడ్డికొట్టం చేరింది. ఏటేటా కొత్త గడ్డి వచ్చి దాన్ని కప్పేసింది. ఇప్పుడు, పంతొమ్మిదివందల అరవైలో, పెద్దరెడ్డి కొడుకు రంగనాయకులు తన తమ్ముడి పెళ్ళి ఊరేగింపుకు ఆ కారే కావాలని పట్టుబట్టి, దాన్ని మైపాడు రోడ్డులోని మీరా రేకుల షెడ్డుకు తోలించాడు.

"తమ్ముడు నాయన కార్లో ఊరేగాల. పీటల మీద నాయన లేని లోటు ఎట్టాగూ తీరదు. ఇదన్నా ఉంటే కొంచెం నిండుగా ఉంటాది. నీ చేతిలో పెడతా ఉండా మీరా" అన్నాడు రంగనాయకులు.

మీరాకు కావలసింది వేరు. సైదావలి కళ్ళలో శుక్లాలు ముదిరిపోయాయి. గుండె బలహీనంగా ఉన్నది, ఆపరేషను వద్దని నెల్లూరు డాక్టరు చెప్పేశాడు. ముసలాయన ఇప్పుడు లోకాన్ని చేతులతోనూ చెవులతోనూ చూస్తున్నాడు. అదైనా ఎంతకాలమో తెలియదు. ఈలోగా ఆ కారు ఇంటి ముందు నిలవాలి. ఆయన దాన్ని తడిమి "ఇదేరా" అనాలి. తండ్రి దగ్గర స్పానరు పట్టింది మొదలు ఇన్నేళ్ళలో, మీరా చేసిన ఏ పనికీ ఆ ఒక్క మాట దక్కలేదు.

అట్లాగని ఆయనను అడిగి చేయడానికి లేదు. సైదావలి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఒకటే కట్టుబాటు: నోరు తెరిచి అడగకూడదు. "ఇనుమునడగండిరా, నన్నడగబాకండి" అనేవాడు ఆయన. ఏ బోల్టు ఎటు అరిగింది, ఏ గేరు పన్ను ఎందుకు నునుపెక్కింది, నూనె మరక ఎటు జారింది, ఇవన్నీ చూస్తే పని చేసినవాడి మనసు తెలుస్తుందని ఆయన నమ్మకం. మీరా కూడా ఆ నమ్మకంలోనే పెరిగాడు.

"పక్క గదిలోనే ఉండాడు గదా మామ! ఒక్క మాట అడిగితే తేలిపోయేదానికి ఇన్ని తిప్పలెందుకు?" అన్నది భార్య జాన్‌బీ.

"అడిగితే ఆయన చేసినట్టవుతాది. నేను చేసినట్టు ఎట్టవుతాది?"

"ఎవురు చేసినా కదిలేది కారే గదా. మీ తండ్రీకొడుకులకు నోళ్ళు దేవుడెందుకిచ్చినాడో!" అని ఆమె అన్నం గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

కారును ఏ భాగానికి ఆ భాగం విప్పి గోనెపట్టాల మీద పరిచినప్పుడు మీరాకు ఒక సంగతి తెలిసింది. ఆ కారుకు ఒక వయసంటూ లేదు. ఇంజను ఒక కాలానిది, రేడియేటరు మరొక కాలానిది. వెనకవైపు రేకుకు వేసిన మాట్లు యుద్ధం నాటివి. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బొగ్గు కాల్చి గ్యాసు పుట్టించే డ్రమ్మును అక్కడ తగిలించేవాళ్ళు. కంపెనీ పంపిన కారు ఎప్పుడు పోయిందో, ఈ కారు ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగిన క్షణం ఏదీ లేదు. బాగుచేయడమంటే వెనక్కి తీసుకుపోవడమే అయితే, ఎంత వెనక్కి? మనిషి విషయంలోనూ ఇదే ప్రశ్న అడగవచ్చు గదా అని అతనికి తోచింది. పక్క గదిలో మంచం మీద ఉన్న ముసలాయన, ఒకప్పుడు తన చెవి మెలిపెట్టి పని నేర్పిన మనిషి, ఈ ఇద్దరిలో తాను నాయనా అని పిలుస్తున్నది ఎవరిని?

చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. తండ్రి ఆఖరిసారిగా తోలి తాళం రెడ్డిగారింట్లో ఇచ్చేసిన నాటి కారు ఏదో, అదే అసలు కారు. తండ్రి చేతి పని ఉంచాలి. తర్వాత గడ్డికొట్టంలో అంటుకున్నదంతా తీసేయాలి.

తండ్రి చేతి పనిలో అన్నిటికన్నా వింతైనది సీటు కింద ఉంది. గేరుపెట్టె వెనక ఇంకొక గేరుపెట్టె! యుద్ధం ముగిశాక అమ్మేసిన మిలిటరీ లారీలలో దేన్నుంచో తెచ్చినది. దాని వెనక ఒక గొలుసు, గొలుసుకు రెండు పళ్ళ చక్రాలు. సీటు పక్కన పొడవాటి పిడి. దాన్ని వెనక్కి లాగితే రెండు గేరుపెట్టెలూ ఒకదాని వెనక ఒకటి పనిచేసి, ఇంజను ఎప్పటిలాగే తిరుగుతూ ఉండగానే చక్రాలు మాత్రం మనిషి నడకకు దిగిపోతాయి. మామూలు కారును అంత నెమ్మదిగా తోలితే కాసేపటికే నీళ్ళు మరిగి ఆగిపోతుంది. ఇందులో ఫ్యాను వేగం తగ్గదు కనుక ఇంజను వేడెక్కదు. లోపల పరుగు, బయట నడక.

ఈ పని జరిగినప్పుడూ, ఆ తర్వాత కొన్నేళ్ళూ మీరా నెల్లూరులో ఒక బస్సుల షెడ్డులో పనిచేశాడు. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు తండ్రి ఆ పిడిని "నడక గేరు" అనడం విన్నాడు. ఎందుకని అడగలేదు. ఇప్పుడు అడగకుండానే తెలిసిందనుకున్నాడు. మనిషి నడకతో కారు పోవలసింది ఊరేగింపులో కాక మరెక్కడ?

ఇక మిగిలింది ఎడమ మడ్‌గార్డు. ముందు చక్రం మీద వంగిన ఆ రేకుకు, దీపం వెనకగా, ఒక ఇత్తడి కడియం బిగించి ఉంది. గంగాళానికి రెండు వైపులా ఉంటుందే, ఆ కడియం. కారులో దేనికీ దానితో పని లేదు. కుళ్ళిన పలుపుతాడు వేలాడింది దానికే. మీరా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పైభాగం బాగా సన్నబడి ఉంది. గేదె గుంజి గుంజి అరిగిందన్నమాట! కారు గడ్డికొట్టంలో ఉన్నప్పుడు ఎవరో పశువును కట్టేయడానికి దీన్ని తగిలించారు. సందేహానికి చోటే కనిపించలేదు. కడియం ఊడదీసి, బెజ్జాలు పూడ్చి, ఆకురాయితో నున్నగా రాకి, రంగు వేశాడు. రెడ్డిగారి కొత్త పాలేరు బండితో అటు పోతుంటే పిలిచి, "ఇదుగో, మీ గేదె కడెం. కారుకు బిగించినారు, ఎవురి తెలివో గాని" అని చేతిలో పెట్టాడు.

"మాంచి ఇత్తడి" అని వాడు సంతోషంగా తలగుడ్డలో చుట్టుకున్నాడు.

రబ్బరు బుడ్డి హారను చివికిపోయింది. ఆ చోట కొత్త కరెంటు హారను పెట్టాడు. దాని కూత సముద్రం దాకా వినిపిస్తుందని మీరాకు కొంచెం గర్వం.

ఇంజను పలికిన వారానికి రంగనాయకులు మేళంవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. నాయనం ఊదేవాడు, డోలు కొట్టేవాడు ముందు, కారు వెనక. మీరా నడక గేరు వేశాడు. కారు కదిలింది. మేళం నాలుగు బారలు పోయేసరికి కారు రెండు బారలు వచ్చింది. మేళం ఆగింది. కారు వచ్చి కలిసింది. మేళం మళ్ళీ పోయింది. కారు మళ్ళీ వెనకబడింది. డోలాయన పుల్ల దించి, చెమట తుడుచుకుంటూ వెనక్కి చూశాడు.

"రెడ్డిగారూ, దీంతో ఊరేగింపు పూర్తయ్యేలోగా పెళ్ళికూతురికి సీమంతం కూడా వచ్చేస్తాది. రెండు మేళాలకూ ఒకేసారి మాట్లాడుకుంటే మంచిది."

అందరూ నవ్వారు. మీరా నవ్వలేదు. ఇంత పని చేసిన తండ్రి వేగం దగ్గర పొరబడ్డాడా? కాదు. ఆ రోజుల్లో సరైన పళ్ళ చక్రం దొరికి ఉండదు. దొరికినదానితో సరిపెట్టుకుని ఉంటాడు. లేమి వల్ల మిగిలిపోయిన ఆ కొరతను ఇప్పుడు కొడుకు తీర్చవచ్చు. గొలుసుకున్న చిన్న చక్రం తీసి, దానికన్నా కాస్త పెద్దది చేయించి వేశాడు. మళ్ళీ మేళం వచ్చింది. ఈసారి కారు నాయనం వెంట అచ్చంగా అడుగులో అడుగు వేసింది. రంగనాయకులు చప్పట్లు కొట్టాడు.

మరునాడు పొద్దున మీరా కారును ఇంటి ముందు నిలిపాడు.

సైదావలి అరుగు మీద నులకమంచంలో కూర్చుని ఉన్నాడు. ఇంజను చప్పుడు వినగానే లేచాడు. కర్ర తడుముకోలేదు. మెట్టు దిగి, రెండు చేతులూ ముందుకు చాచి, దీపం పట్టుకున్నాడు. బానెట్టు మీద అరచేయి ఆనించి ఆ అదురును కాసేపు అట్లాగే విన్నాడు. ఆ చేయి ఎడమ మడ్‌గార్డు మీదికి జారింది. దీపం వెనకగా ఒకచోట ఆగింది. వెతికింది. మళ్ళీ మొదటినుంచి వచ్చి వెతికింది.

"కడెం ఏదిరా?"

"ఏ కడెం నాయనా?"

"గంగాళం కడెం. ఈడుండాల."

"అది... గేదెను కట్టేసే కడెం గదా అని..."

"గేదెనా?" అన్నాడు సైదావలి. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగి, జాన్‌బీ నీళ్ళచెంబుతో పరుగెత్తుకొచ్చేదాకా నవ్వాడు. "పెద్దమ్మ గాని వినుంటే నిన్ను తీసకపోయి ఆ గేదెకే కట్టేసుండును. సరే, నడక గేరెయ్యి. తోలు."

కారు కదిలింది. సైదావలి మడ్‌గార్డు మీద చేయి వేసి పక్కన నడిచాడు. కొద్ది అడుగుల్లోనే అరచేయి వెనక్కి జారి, తలుపు మీదికి వచ్చి, గాలిలో మిగిలిపోయింది. కారు ఆయనను దాటిపోయింది.

"ఆపు. ఇది ఎవురి నడకరా?"

"మేళంవాళ్ళది నాయనా. ఊరేగింపుకే గదా ఈ గేరు?"

"మేళం ఎందుకొచ్చింది మధ్యలో?" ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఇది పెద్దమ్మ నడక."

అరుగు మీద కూర్చుని చెప్పాడు. పెద్దమ్మ అంటే ఆదిశేషమ్మ, పెద్దరెడ్డిగారి తల్లి. కొడుకుకు చిన్నతనంలో సన్నిపాత జ్వరం వచ్చి దక్కడనుకున్నప్పుడు ఆమె సముద్రానికి మొక్కుకున్నది: బిడ్డ బతికితే తాను బతికినన్నాళ్ళూ, ఏటా మాఘపౌర్ణమికి కాలినడకన మైపాడు పోయి మునిగి వస్తానని. బిడ్డ బతికాడు. ఆమె నడిచింది. ఆ బిడ్డ పెద్దరెడ్డి అయి కారు కొన్నాడు. ఆమె నడుస్తూనే ఉన్నది.

"కారెక్కు పెద్దమ్మా అంటే ఎక్కదు. పోయేటప్పుడు మొక్కంట. వచ్చేటప్పుడు మడంట. తోలు సీట్ల మీద తడిగుడ్డతో ఎట్టా కూసుంటారా అనేది. గుడ్డ సీట్లు ఏయిస్తామంటే, లోపల ఏం కుక్కినారో ఎవురు చూడొచ్చినార్రా సైదా అనేది."

వయసు మీదపడి నడక తూలడం మొదలయ్యాక ఆమెను ఒంటరిగా పంపడానికి కొడుక్కు మనసొప్పలేదు. కారుతో వెనక పొమ్మని సైదావలికి చెప్పాడు. కారు కాస్త దూరం పోవడం, ఆగడం, మళ్ళీ గుర్రుమంటూ పోవడం, నీళ్ళు మరగడం.

"ఎనక్కి తిరిగి ఒకటే తిట్లు. పులి తరిమినట్టుండాదిరా నాకు, నేను స్నానానికి పోతా ఉండానా, ప్రాణం దక్కించుకునేదానికి పారిపోతా ఉండానా అని. తెలవక హారన్ కొట్టినానంటే ఇంక ఉప్పుకాలువ దాకా నోరు మూసేది కాదు."

అప్పుడు ఆయన నడక గేరు చేశాడు. పెరట్లో తులసికోట చుట్టూ ఆమె ప్రదక్షిణాలు చేస్తుంటే గోడ ఇవతల నిలబడి, ఆ అడుగుల చప్పుడు చెవిలో పట్టుకుని, దానికి సరిపోయేలా పళ్ళ చక్రం కోశాడు.

"మరుసటేడు కాళ్ళు ఇంకా తగ్గినాయి. పట్టుకునేదానికి ఏదన్నా ఉంటే బాగుండునురా అన్నది. మడ్‌గార్డు పట్టుకోమంటే, రంగేసిన ఇనుము మడికి పనికిరాదన్నది. ఆమే లోపలికి పోయి, చిల్లుపడిన గంగాళం ఈడ్చుకొచ్చి నా ముందరేసింది. దీని కడెం బిగించు, ఇత్తడైతే చింతపండేసి తోముకుంటా అని. మొక్కు ముందురోజు తనే వచ్చి తోమేది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు."

కడియం ఎందుకు సన్నబడిందో మీరాకు అర్థమైంది. చింతపండు, అరచేయి. గేదె కాదు.

"ఉప్పుకాలువ గట్టు దాకా ఇద్దరం పోయేవాళ్ళం. ఆడ్నించి ఆమె పడవ దాటి సముద్రానికి పోయేది. తడిగుడ్డతో తిరిగొచ్చి, కడెం పట్టుకునేది. ఒక్కనాడు కారెక్కలేదురా. ఆమె తిరిగినంతగా ఆ కార్లో ఇంకెవురూ తిరగలేదు."

మీరా అన్నాడు: "నేను చూసే చేసినా నాయనా. ఇనుము అట్టనే చెప్పింది."

"ఎట్టా చేసినారో ఇనుము చెప్తాది. ఎవురి కోసం చేసినారో దానికేం తెలుసు? అది నన్నడగాల్సింది."

"అడగబాకండి అన్నది నువ్వే గదా!"

"అన్నాలే" అన్నాడు ముసలాయన. "అప్పుడు నాకూ చిన్న వయసే."

లోపలనుంచి జాన్‌బీ నవ్వు వినిపించింది.

ఆ మధ్యాహ్నమే మీరా రెడ్డిగారింటికి వెళ్ళి జరిగిందంతా రంగనాయకులుకు చెప్పాడు. ఇద్దరూ కలిసి పశువుల పాకలోకి వెళ్ళారు. కడియం అక్కడే ఉంది. గుంజకు మేకు కొట్టి దాన్ని తగిలించారు. దానికి కొత్త పలుపు, పలుపుకు ఒక ఎర్ర గేదె. తాను ఊహించుకున్నది తన చేతి మీదుగానే నిజమై ఎదురుగా నిలబడి నెమరు వేస్తున్నది. మీరాకు నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు.

రంగనాయకులు గేదెను విప్పించి కడియం చేతిలోకి తీసుకున్నాడు. "మద్రాసులో మా అమ్మమ్మగారింట్లో చదువు నాది. ఎప్పుడొచ్చినా ఎండాకాలమే. అవ్వ సముద్రానికి నడిచేదని విన్నా గాని మాఘమాసంలో ఒక్కసారన్నా చూళ్ళేదు" అన్నాడు. సన్నబడిన చోట వేలితో రాసి చూశాడు. ఆ వేలు అక్కడే ఉండిపోయింది. కాసేపటికి పెరటివైపు తిరిగి, "ఎవురక్కడ, కొంచెం చింతపండు తీసకరాండి" అని కేకేశాడు.

"పాత చక్రం మళ్ళీ ఏస్తే మేళంతో కలవదన్నా" అన్నాడు మీరా, ముందే చెప్పడం మంచిదని.

రంగనాయకులు బావి చప్టా మీద కూర్చుని కడియం తోముతున్నాడు. తల ఎత్తలేదు. "కారు సంగతి నువ్వు చూడు. మేళంవాళ్ళ కాళ్ళకు గేరు నేను మారుస్తాలే."

పెళ్ళి ముందురోజు సాయంత్రం కారు మైపాడు రోడ్డెక్కింది. పాత పళ్ళ చక్రం వేసి, పూడ్చిన బెజ్జాలు మళ్ళీ తెరిచి, కడియాన్ని దాని చోట బిగించాడు మీరా. కొత్త రంగు మీద ఆ చుట్టుపక్కల కొంచెం గీరుకుపోయింది. సరిచేయాలనిపించలేదు. తూర్పునుంచి ఉప్పుగాలి వీస్తున్నది. రోడ్డుకు రెండువైపులా కోతకు వచ్చిన వరిచేలు.

"ఎక్కు నాయనా" అన్నాడు మీరా తలుపు తీసి.

"నేనెందుకెక్కుతా?" అన్నాడు సైదావలి. ఎడమచేతిలో కర్ర, కుడిచేయి కడియంలో. "తోలు."

మీరా పిడి వెనక్కి లాగాడు. ఇంజను లోపల తన పరుగు తాను పరుగెత్తుతున్నది. కారు నడిచింది. బానెట్టుకు అవతల తండ్రి తలగుడ్డ కనిపిస్తున్నది. అది ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. కడియం పట్టిన చేయి లాగడం లేదు, లాగబడడం లేదు. ఎవరి నడక ఇది? ఒకనాడు గోడ ఇవతల నిలబడి విన్న అడుగులు ఇప్పుడు విన్నవాడి కాళ్ళలోకే వచ్చాయి. తండ్రి ఏమైనా అంటాడేమోనని మీరా చెవులు రిక్కించి తోలుతున్నాడు. సైదావలి నడుస్తున్నాడు.

ఎదురుగా గడ్డి బండి ఒకటి గంటల చప్పుడుతో నడిరోడ్డు మీద వస్తున్నది. మీరా చేయి కొత్త హారను మీదికి పోయింది.

"హారన్ కొట్టబాక" అన్నాడు సైదావలి, తల తిప్పకుండానే. "ఆమెకు గిట్టదు."

మీరా చేయి తీసేశాడు. బండివాడే చూసుకుని పక్కకు తప్పుకున్నాడు. కారు ఉప్పుకాలువ వైపు నడుస్తూ పోయింది.